మిషను మీద బిళ్ళ



ఇవాళ నేను మీతో కుట్టు మిషను గురించి నాలుగు మాటలు చెప్పదలుచుకున్నాను. కుట్టడం ఎలాగో చెప్పడానికి మాత్రం కాదు. ఆ విద్య నాకంటే బాగా తెలిసినవారు మీలో బోలెడుమంది ఉన్నారు. మిషను ఒంటి మీద బిగించే ఒక చిన్న ఇత్తడి బిళ్ళ గురించి, ఆ బిళ్ళకీ దేశభక్తికీ, మన ఆడవాళ్ళ చాకిరీకీ ఉన్న సంబంధం గురించి నా మాటలు.

పాత సామాను పోగుచేసే సరదా ఉన్నవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మనకి నాణేలు, తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళు తెలుసు. అలాగే పాత రేడియోలు, ఇస్త్రీపెట్టెలు, కుట్టు మిషన్లు పోగుచేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో కొందరికి మరీ ప్రత్యేకమైన అభిరుచి. దేశానికో రాష్ట్రానికో వందేళ్ళ పండగ వచ్చినప్పుడు, ఆ పండగ గుర్తుగా ముద్ర వేసి అమ్మిన వస్తువులు మాత్రమే వాళ్ళకి కావాలి. మామూలు వస్తువుకి ఒక ధర, పండగ ముద్ర ఉన్నదానికి ఇంకో ధర.

మా అన్నయ్య కూతురు అమెరికాలో డాలస్‌లో కాపురం ఉంటోంది. దానికి ఈ మధ్య ఈ సరదా పట్టుకుంది. “అత్తా, నాకు టెక్సాస్ బిళ్ళ ఉన్న మిషను దొరికింది!” అని ఒకనాడు ఫోను. కొత్తగా మనవడు పుట్టాడని చెప్పినంత సంబరంగా చెప్పింది. ఆ టెక్సాస్ బిళ్ళ ఏమిటో, దాని కథేమిటో తెలుసుకుందామని నేనూ కూర్చున్నాను. తెలుసుకున్నది మీకు చెబుతాను.

సింగర్ కంపెనీవారు 1933లో షికాగో నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఒక కొత్త మిషనుని జనానికి చూపించారు. దాని పేరు ఫెదర్‌వెయిట్, అంటే ఈకంత బరువున్నదని. నిజానికి ఈకంత కాదు గాని, సుమారు 5 కిలోలే. ఇనుముకి బదులు అల్యూమినియంతో చేశారు. నల్లటి రంగు, దాని మీద బంగారు తీగలు, చిన్న పెట్టెలో పెట్టి చేత్తో పట్టుకుపోవచ్చు. మన ఇళ్ళలో ఇద్దరు మనుషులు పట్టి జరిపే కాలి మిషనుతో పోల్చి చూసుకోండి!

ఆ తరవాత కొన్ని పెద్ద ప్రదర్శనల గుర్తుగా, కొన్ని ఫెదర్‌వెయిట్ మిషన్లకి ఆ ప్రదర్శన పేరున్న బిళ్ళ బిగించి అమ్మారు. షికాగోది ఒకటి. 1939లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినదాని గుర్తుగా ఒకటి. ఈ రెండింటి మధ్య 1936లో వచ్చిందే మా మేనకోడలి టెక్సాస్ బిళ్ళ. టెక్సాస్ మొదట్లో మెక్సికో దేశంలో భాగం. 1836 మార్చి 2న మేము వేరే దేశం అని ప్రకటించుకుంది. 1845లో అమెరికాలో కలిసింది. అలా విడిపోయి వందేళ్ళు నిండిన సందర్భంగా 1936లో డాలస్‌లోని ఫెయిర్ పార్కులో ఆరు నెలలపాటు పెద్ద తిరునాళ్ళ జరిగింది. 60 లక్షలకు పైగా జనం వచ్చారు. ఇవాళ మన తెలుగువాళ్ళు వేలకి వేలు ఆ ఊళ్ళో ఉన్నారు. ఆ పార్కులో అప్పటి భవనాలు ఇంకా ఉన్నాయి.

ఇంక 1951లో సింగర్ కంపెనీకే వందేళ్ళు నిండాయి. ఆ ఏడు మిషన్లకి చుట్టూ నీలం అంచు ఉన్న బిళ్ళ వేశారు. కుట్టు సేవలో ఒక శతాబ్దం అని దాని భావం. ఇది దేశం పండగ కాదు, కంపెనీ పుట్టినరోజు. అయినా ఆ నీలం బిళ్ళని చూసి మోజుపడేవారు చాలామంది. అసలు సంగతేమిటంటే, ఆ బిళ్ళ మిషన్లు లెక్కకు మిక్కిలిగా తయారయ్యాయి. అది అంత అపురూపమేమీ కాదు.

ఇక్కడ మీరొక ప్రశ్న అడగాలి. బిళ్ళ ఉన్న మిషను బాగా కుడుతుందా? కుట్టదు. షటిల్ అదే, సూది అదే, మోటారు అదే. పక్కింటావిడ బిళ్ళ లేని మిషను ఎలా కుడుతుందో ఇదీ అలాగే కుడుతుంది. మనం ఇచ్చే ఎక్కువ సొమ్మంతా అర చేతిలో సగం కూడా లేని ఆ ఇత్తడి ముక్కకే. పైగా ఈ రోజుల్లో కొత్తగా పోతపోసిన బిళ్ళలు విడిగా కూడా అమ్ముతున్నారు. మామూలు మిషనుకి బిగిస్తే పండగ మిషను అయిపోయింది!

సరే, ఎవరి డబ్బు వారిష్టం. సరదాలు ఉండకూడదని నేననను. కాని ఆ బిళ్ళ ఏం గుర్తుచేస్తుంది, ఏం మరుగుపరుస్తుంది అనేది ఆలోచించాలి కదా. అదే 1936 ప్రదర్శనలో నల్లజాతివారి జీవితాన్ని, వారి కళలని, చదువుని చూపించే భవనం ఒకటి కట్టారు. లక్షల మంది చూశారు. ప్రదర్శన అయిపోగానే తక్కిన గొప్ప భవనాలని ఉంచి, దాన్ని మాత్రం త్వరలోనే కూలగొట్టేశారు. టెక్సాస్ బిళ్ళ మీద ఆ ముచ్చట ఉండదు. పండగ ఎవరిది, ఎవరిని పిలిచారు, ఎవరిని వాకిట్లోనే నిలబెట్టారు అన్నది బిళ్ళ చెప్పదు.

ఇంకొకటి చూడండి. అమెరికాలో దేశభక్తి ఉప్పొంగిపోయిన కాలం ఏదంటే రెండో ప్రపంచయుద్ధకాలం అంటారు. ఆ కాలంలో ఏ బిళ్ళతో మిషను వచ్చిందనుకుంటున్నారు? బిళ్ళ మాట అటుంచండి, 1942లో ఇంటి అవసరాలకి కుట్టు మిషన్లు చెయ్యడమే ఆపించారు. ఇనుము, అల్యూమినియం, కార్ఖానాలు అన్నీ యుద్ధానికే. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఉన్న పాత మిషన్లకే నూనె వేసుకుని, చిరిగినవి అతుకులు వేసుకుని, పెద్దవాళ్ళ కోట్లు విప్పి పిల్లలకి కుట్టుకుని వెళ్ళదీశారు. ఇంగ్లండులోనైతే ప్రభుత్వమే ఇల్లాళ్ళకి అతుకులు, రఫ్ఫులు నేర్పే పుస్తకాలు వేసింది. అంటే దేశానికి ఆడవాళ్ళ కుట్టుపని నిజంగా అక్కరకి వచ్చిన రోజుల్లో ఏ బిళ్ళా లేదు. తిరునాళ్ళ రోజుల్లో మాత్రం ఉంది!

బిళ్ళ వల్ల వచ్చే నష్టం డబ్బు ఒక్కటే అయితే నేను ఇంత దూరం చెప్పేదాన్ని కాదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకో దేశంలో జరిగింది. నేను రేడియోలో మాట్లాడే మనిషిని గనక ఇది చెప్పకుండా ఉండలేను.

1933 జనవరి 30న జర్మనీలో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. ఆ ఏడాది ఆగస్టులోనే బెర్లిన్ ప్రదర్శనలో చవక రేడియో ఒకటి పెట్టారు. ప్రజల రేడియో అని పేరు. ధర 76 మార్కులు. అప్పటి మంచి రేడియోలకంటే చాలా తక్కువ. దాని మోడలు నంబరు 301. ఎందుకంటే, ముప్పయ్యో తేదీ, ఒకటో నెల! నాయకుడు గద్దెనెక్కిన తేదీని ఇంట్లో ఉన్న రేడియో పేరులోనే కలిపేశారన్నమాట. 1938లో ఇంకా చిన్నది, 35 మార్కులకే వచ్చింది. దాని ముఖం మీద గద్ద గుర్తు కూడా వేశారు.

పేదవాడి ఇంటికి రేడియో వస్తే మంచిదే కదా అంటారు. మంచిదే. కాని ఆ రేడియో దగ్గరి స్టేషన్లని బాగా పట్టుకునేటట్టు, పైదేశాల స్టేషన్లు కష్టంగా వినిపించేటట్టు ఉండేది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవుతూనే, పరాయి దేశాల ప్రసారాలు వినడం నేరమని చట్టం చేశారు. విన్నవారికి జైలు. విన్నది పదిమందికీ చెబితే మరణశిక్ష కూడా వెయ్యవచ్చు. వంటింట్లో పాటలు వినడానికని ముచ్చటపడి కొనుక్కున్న రేడియోయే ఆ ఇంటి ఇల్లాలికి ఒక్క గొంతు తప్ప ఇంకో గొంతు వినిపించకుండా చేసింది. వస్తువు మీద దేశం పేరు ఉంది గనక అది దేశానికి మేలు చేసేదే అనుకోవడం ఎంత పొరపాటో చూశారా?

మరి మన సంగతేమిటి? మన కథ దీనికి సరిగ్గా తలకిందులు. పైదేశాల్లో దేశం గుర్తుని ఇంటి పనిముట్టు మీద వేశారు. మన దేశంలో ఇంటి పనిముట్టునే దేశం గుర్తు మీద వేశారు!

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగింది. జూన్ 30 లోపల దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని అక్కడ తీర్మానించారు. ఆ రోజుల్లోనే మన పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. దాని మీద రాట్నం ఉండాలని సలహా చెప్పినవారు జలంధర్‌కి చెందిన లాలా హన్స్‌రాజ్‌గారు. 1931లో కాంగ్రెసు ఆమోదించిన మూడు రంగుల జెండా నడుమ కూడా రాట్నమే. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇప్పటి జెండాని ఆమోదించినప్పుడు రాట్నం బదులు అశోకచక్రం వచ్చింది. ఆ మార్పు గాంధీగారికి మొదట రుచించలేదు.

రాట్నం అంటే ఏమిటి? మన ముత్తవ్వలు అరుగు మీద కూర్చుని తిప్పిన కర్రసామాను. ఏ మహారాజు కత్తీ కాదు, ఏ కోట బురుజూ కాదు. ఆడవాళ్ళ చేతిలో నలిగిన వస్తువు జెండాకెక్కడం ప్రపంచంలో ఎన్ని దేశాల్లో జరిగింది చెప్పండి?

అయితే గాంధీగారు రాట్నానికి దణ్ణం పెట్టి ఊరుకోలేదు. అది బాగా పనిచెయ్యాలని పట్టుబట్టారు. 1929లో మెరుగైన రాట్నం కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమతి అని అఖిల భారత చరఖా సంఘం ప్రకటించింది. ఆ రోజుల్లో లక్ష అంటే మాటలా! దానికి పెట్టిన షరతులు వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. తేలిగ్గా ఉండాలి. మామూలు పల్లెటూరి గుడిసెలో పెట్టుకోవడానికి వీలుండాలి. ఒక స్త్రీ పెద్ద ప్రయాస లేకుండా ఎనిమిది గంటలు దాని దగ్గర పనిచెయ్యగలగాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. అప్పుడప్పుడు బాగుచేసుకుంటే 20 ఏళ్ళు మన్నాలి. ఆ బాగుచెయ్యడానికి అయ్యే ఖర్చుకీ హద్దు పెట్టారు. ఆ బహుమతి చివరికి ఎవరికీ దక్కలేదు. కాని ఆ షరతులు మాత్రం, ఏ ఇంటి వస్తువు కొనబోయినా మనం పక్కన పెట్టుకుని చూసుకోవలసినవి. స్త్రీ నడుము గురించి, ఇంటి కొలత గురించి, చేతిలో డబ్బు గురించి ఆలోచించినదే నిజమైన దేశభక్తి గల వస్తువు. అందులో రంగుల ప్రసక్తే లేదు.

యంత్రాలంటే గాంధీగారికి పడదని అనుకుంటాం గదా. 1924లో ఒక విద్యార్థి ఇదే అడిగితే, సింగర్ కుట్టు మిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మనుషులు కనిపెట్టిన కొద్దిపాటి ఉపయోగకరమైన వస్తువుల్లో అదొకటన్నారు. సింగర్ తన భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక, ప్రేమతో ఆ యంత్రం చేశాడని కూడా చెప్పారు. సింగర్‌గారి అసలు చరిత్ర చదివితే అంత ముచ్చటైన సంసారం కాదులెండి! ఆయనకి ఒకటికి మించిన కాపురాలు. అయినా గాంధీగారి మాటలో సారం ఉంది. యంత్రం మంచి చెడ్డలు తేల్చేది అది ఎవరి శ్రమ తగ్గించింది అన్నదే.

జెండాని వస్తువుల మీద వేసే విషయంలో మన చట్టం గట్టిగానే ఉంది. 1950 నాటి చట్టం ప్రకారం జాతీయ పతాకాన్ని అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోరాదు. 1971 నాటి చట్టం ప్రకారం దిండు గలీబుల మీద, చేతిరుమాళ్ళ మీద జెండా కుట్టినా అచ్చువేసినా నేరమే. అమెరికాలో కూడా జెండాని ప్రకటనలకి వాడరాదని నియమం ఉంది గాని, దాన్ని అమలుపెట్టేవారు లేరు. మన పిల్లలు ఆగస్టు నెలలో మురిపెంగా దిండు మీద జెండా కుడతామంటే, వద్దని చెప్పండి. ఎందుకు వద్దో కూడా చెప్పండి.

ఇప్పుడు మా ఇంటి మాట ఒకటి. మా అమ్మకి కాలి మిషను ఉండేది. దాని మీద ఏ బిళ్ళా లేదు. ఉన్న బంగారు అక్షరాలు కూడా అరిగిపోయి, ఏ కంపెనీదో పోల్చుకోవడానికి లేకుండా అయింది. ఆగస్టు పదిహేను వస్తోందంటే వారం రోజుల ముందునుంచి అమ్మకి నిద్ర ఉండేది కాదు. ఊళ్ళో పిల్లల తెల్లచొక్కాలు, తెల్లలంగాలు అన్నీ మా ఇంట్లోనే. జెండా ఎగరేసిన రోజున మైదానంలో బారుగా నిలబడ్డ పిల్లల్లో సగంమంది ఒంటి మీద అమ్మ కుట్లు ఉండేవి. డబ్బులు దసరాకి ఇస్తామనేవారు కొందరు, సంక్రాంతికి ఇచ్చేవారు. నా చదువు పదో తరగతి దాకా సాగిందంటే, అన్నయ్య కాలేజీకి వెళ్ళాడంటే ఆ మిషను వల్లనే. అయినా చుట్టాలెవరైనా వస్తే మా నాన్న, “ఏదో కాలక్షేపానికి కుడుతుందిలెండి” అనేవాడు.

అమ్మ పోయాక ఇల్లు సర్దుతుంటే, పాత ఇనుము కొనేవాడు కాటా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అన్నయ్య మంచివాడే. కాని, “ఇంత పాతది ఎవరికి పనికొస్తుందే, కిలోల లెక్కన ఇచ్చేద్దాం” అన్నాడు. వదినే అడ్డుపడింది. “మీ అమ్మాయి అక్కడ బిళ్ళ చూసి వందల డాలర్లు పోస్తోంది. ఇక్కడ మిమ్మల్ని చదివించిన మిషనుని కాటాకి వేస్తారా?” అంది. అన్నయ్య మరి మాట్లాడలేదు. బెల్టు కొత్తది వేయించి, షటిల్ మార్పించి, మా వీధి చివర భర్త పోయిన ఒక పిల్లకి ఇచ్చాం. ఇప్పుడు దాని మీద జాకెట్లు కుట్టుకుని ఇద్దరు పిల్లలని సాకుతోంది. డాలస్‌లో మా మేనకోడలికి ఈ సంగతి చెప్పాను. కొంచెంసేపు ఊరుకుని, “అత్తా, నానమ్మ మిషను ఫొటో ఒకటి తీసి పంపు” అంది.

ఇక మీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

పాత మిషను కొనేటప్పుడు ముందు బిళ్ళ చూడకండి. చక్రం చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోకుండా, గరగర లేకుండా తిరగాలి. మీ దగ్గరున్న గుడ్డపేలిక పెట్టి పది అంగుళాలు కుట్టించుకోండి. కింది దారం ఉండలు కడుతోందేమో చూడండి. బాబిన్, షటిల్ మన ఊళ్ళో దొరికే రకమో కాదో అడగండి. ఫెదర్‌వెయిట్ లాంటివాటికి వేరే బాబిన్ కావాలి. ఏ ఏడాది మిషనో కావాలంటే బిళ్ళని నమ్మకండి, ఒంటి మీద చెక్కిన నంబరుని చూడండి. దాన్నిబట్టే తయారైన కాలం తెలుస్తుంది.

అమెరికానుంచి ఎవరైనా ప్రేమగా కరెంటు మిషను పంపితే ఒక్క జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తిన్నగా మన ప్లగ్గులో పెట్టారంటే మోటారు కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుని గాని వాడకండి. పాత వైర్ల మీద రబ్బరు పెళుసైపోయి ఉంటుంది, ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

అటక మీద మిషను పడి ఉన్నవారికి నా మనవి. ఈ వారం దాన్ని కిందికి దింపి, దుమ్ము తుడిచి, నాలుగు చుక్కల నూనె వెయ్యండి. మీరు కుట్టకపోతే కుట్టుకునే పిల్లకి ఇవ్వండి. అది ఎవరు కొన్నారు, ఎవరు కుట్టారు, దానితో ఎవరి ఫీజులు కట్టారు అన్న సంగతి ఒక కాగితం మీద రాసి సొరుగులో పెట్టండి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ సంపాదన ఏ పద్దుపుస్తకంలోనూ ఉండదు. ఆ కాగితమైనా ఉండనివ్వండి. కంపెనీ వేసిన బిళ్ళకంటే మీరు రాసిన ఆ నాలుగు ముక్కలకే నా దృష్టిలో విలువ ఎక్కువ.

ఏమంటారు?